తాళంచెవి ఎవరి చేతిలో?



ఉప్పల్ దాటి వరంగల్ రహదారిపై సాగితే వచ్చే మేడిపల్లి నుండి ఒక సోదరి మాకు సుదీర్ఘమైన లేఖ వ్రాశారు. వారి కుటుంబం నిరుడే అక్కడ ఒక అపార్టుమెంటులో స్థిరపడింది. భర్త దమ్మామ్‌లో ఉద్యోగి. ఇక్కడ ఉండేది ఆమె, అత్తగారు, బడికి వెళ్లే ఇద్దరు పిల్లలు. సెలవుపై వచ్చిన భర్త ముఖద్వారానికి స్మార్ట్ తాళం, గడప పక్కన కెమెరా గల కాలింగ్ బెల్, హాలులో కొత్త టీవీ, మాట విని పనిచేసే స్పీకరు అమర్చి, వీటన్నింటినీ ఒకే వ్యవస్థగా కలిపి తన ఫోనులో పెట్టుకోవాలని నిశ్చయించుకున్నారట. ఇకమీదట ఆయన అక్కడి నుండే తలుపు తీయగలరు, వేయగలరు, పిల్లలు చూస్తున్న టీవీని ఆపగలరు. అత్తగారికి ఇది రుచించలేదు. మన ఇంటి తాళం సముద్రం అవతల ఉండటమేమిటని ఆమె అడిగారట. ఇలాంటి పరికరాలు వాడటం ధర్మసమ్మతమేనా, వాడితే ఏ జాగ్రత్తలు పాటించాలి అన్నది సోదరి ప్రశ్న. లేఖ చివర, కాగితం అంచున, ఇంకొక వాక్యం ఉంది. హాలులో కూడా ఒక కెమెరా పెడతానంటున్నారు, వద్దంటే ఏమనుకుంటారోనని నోరు మెదపలేకపోతున్నాను అని. అసలు ప్రశ్న అదేనని మాకు తోచింది.

మొదటి ప్రశ్నకు సమాధానం క్లుప్తమే. తాళమైనా, టీవీ అయినా, వాటిని కలిపే యంత్రమైనా స్వతహాగా నిషిద్ధం కాదు. వాటిని ఎవరు, దేనికి, ఎవరి అనుమతితో వాడుతున్నారన్న దానినిబట్టే మంచిచెడ్డలు నిర్ణయమవుతాయి. కాబట్టి ముందుగా తాళంచెవి సంగతే చూద్దాం.

దివ్యఖుర్ఆన్‌లోని నూర్ సూరా 61వ ఆయతు ఏయే ఇళ్లలో నిస్సంకోచంగా భుజించవచ్చో చెబుతూ, తల్లిదండ్రుల, తోబుట్టువుల, మేనత్తల, మేనమామల ఇళ్లతోపాటు, ఏ ఇళ్ల తాళంచెవులు మన ఆధీనంలో ఉన్నాయో వాటిని కూడా పేర్కొన్నది. యుద్ధానికి బయలుదేరే సహాబాలు తమ ఇంటి తాళంచెవులను వెనుక ఉండిపోయేవారికి అప్పగించి వెళ్లేవారనీ, ఆ పుచ్చుకున్నవారు అక్కడి ఆహారం ముట్టడానికి కూడా జంకేవారనీ వ్యాఖ్యాతలు ఈ ఆయతు నేపథ్యాన్ని వివరిస్తారు. ఇక కాబా తాళంచెవి వృత్తాంతం మన పిల్లలకు కూడా తెలిసినదే. హిజ్రీ 8వ సంవత్సరంలో మక్కా విజయమైన రోజున దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఉస్మాన్ బిన్ తల్హా వద్ద నుండి తాళంచెవి తెప్పించుకుని కాబాలో ప్రవేశించారు. విజేతగా దానిని తన వారిలో ఎవరికైనా ఇవ్వగల స్థితిలో ఉండి కూడా, తిరిగి ఉస్మాన్‌కే అప్పగించారు. నేటికీ ఆ బాధ్యత బనూ షైబా వంశం వారిదే. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించండని ఆదేశించే నిసా సూరా 58వ ఆయతును పలువురు వ్యాఖ్యాతలు ఈ సంఘటనతో జోడించి చెబుతారు. అంటే తాళంచెవి మన సంప్రదాయంలో కేవలం ఇనుపముక్క కాదు, అది ఒక అమానతు.

ఇనుప తాళంచెవికి ఒక సుగుణం ఉంది. అది ఒక సమయంలో ఒకరి చేతిలోనే ఉంటుంది. ఎవరి నడుమున వ్రేలాడుతున్నదో ఇంట్లో అందరికీ కనబడుతుంది. స్మార్ట్ తాళానికి చెవి అంటే ఒక అనుమతి మాత్రమే. వేలిముద్ర, అంకెల సంకేతం, కార్డు, ఫోనులోని యాప్, ఏదైనా కావచ్చు. ఒక్క నిమిషంలో దానిని పదిమందికి పంచవచ్చు, వారిలో ఒకరికి ఉన్నట్లు మరొకరికి తెలియకనే. ఈ అనుమతులన్నింటినీ ఇచ్చేది, తీసివేసేది ఒకరే. తాళాన్ని మొదట ఎవరి ఫోనుతో జతపరిచారో ఆ యజమాని ఖాతా. మన ఇళ్లలో సాధారణంగా బిగించడానికి వచ్చిన కుర్రవాడు ఎదురుగా ఎవరి ఫోను ఉంటే దానితో జతచేసి వెళ్లిపోతాడు. కొన్నిచోట్ల తన ఫోనుతోనే చేసి, తర్వాత మారుస్తానంటాడు! గృహప్రవేశం నాటికే తాళం అసలు యజమాని ఒక అపరిచితుడన్నమాట.

అందుచేత సోదరికి, ఆమె భర్తకు మా మొదటి సలహా ఇది. యజమాని ఖాతా ఆ ఇంట్లో నివసించేవారి పేర ఉండాలి. అనగా సోదరి పేర. దమ్మామ్‌లో ఉన్న భర్తకు రెండవ ఖాతా ఇవ్వవచ్చు. ఇది ఆయన గౌరవాన్ని తగ్గించడం కాదు. ప్రయాణంలో ఉన్నవారు తాళంచెవిని ఇంట్లో ఉన్నవారికి అప్పగించి వెళ్లడం సహాబాల నాటి ఆచారమే.

ఇక దూరం నుండి తలుపు తెరిచే సౌకర్యం. ప్లంబరు వచ్చాడనో, బాబాయి కొడుకు వచ్చాడనో బెల్ మ్రోగగానే భర్త దమ్మామ్‌లో ఫోను చూసి తలుపు తీశారనుకోండి. లోపల భార్య స్నానం చేసి వస్తూ ఉండవచ్చు. తలపై దుపట్టా లేకుండా వంటింట్లో ఉండవచ్చు. అత్తగారు హాలులోనే నడుము వాల్చి ఉండవచ్చు. ఇల్లు ఆయనదే, నిజమే. కానీ ఆ క్షణాన ఆ ఇంటి ఏకాంతం లోపల ఉన్నవారిది. నూర్ సూరా 27, 28 ఆయతులు పరుల ఇళ్లలో అనుమతి పొంది, సలాము చేసిన తర్వాతే ప్రవేశించమంటాయి, వెళ్లిపొమ్మంటే మారుమాట లేకుండా వెళ్లిపొమ్మంటాయి. హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) హజ్రత్ ఉమర్ (రజి) గుమ్మం వద్ద మూడుసార్లు అనుమతి కోరి, జవాబు రాకపోగా వెనుదిరిగారు. ఖలీఫా పిలిపించి కారణమడిగితే, మూడుసార్లు అడిగినా అనుమతి లభించకపోతే మరలిపోవాలని దైవప్రవక్త (స) బోధించినట్లు చెప్పారు. ఉమర్ (రజి) సాక్ష్యం కోరగా హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) వచ్చి ధ్రువీకరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో నమోదైన ఈ వృత్తాంతాన్ని మనం సాధారణంగా అతిథి మర్యాదగా చదువుతాం. అందులో గృహస్థుల హక్కు కూడా ఉంది. తలుపు తీయకుండా ఉండే హక్కు. ఆ హక్కును వేల మైళ్ల దూరాన ఉన్న వేలు నొక్కి రద్దు చేయరాదు. కాబట్టి భర్త ఖాతాలో తలుపు తెరిచే అధికారాన్ని మూసి ఉంచి, అత్తగారికి అస్వస్థత కలిగి లోపల ఎవరూ లేచి రాలేని సందర్భాలకే దానిని తెరిచేలా ఇద్దరూ మాట్లాడుకోవడం మేలు.

సొంతవారి మధ్య ఇంత పట్టింపు ఎందుకని కొందరు అడుగుతారు. తన తల్లి గదిలోకి వెళ్లేటప్పుడు కూడా అనుమతి అడగాలా అని ఒకాయన దైవప్రవక్త (స)ను ప్రశ్నించగా, ఔననే సమాధానం వచ్చింది. ఆమెతోనే కలిసి నివసిస్తున్నానన్నా, ఆమెకు సేవ చేసేది నేనేనన్నా అదే సమాధానం. ఆమెను వస్త్రహీనంగా చూడటం నీకిష్టమా అని తిరిగి అడిగారు. ఇమామ్ మాలిక్ గారి మువత్తాలో ఈ ఉల్లేఖనం ఉంది.

హాలులోని కెమెరా విషయానికి ఇప్పుడు వస్తున్నాం. దీనికి సరిపోయే హదీసును ఎక్కడో వెదకవలసిన పనిలేదు. ప్రయాణం నుండి వచ్చే వ్యక్తి, భార్య తనపట్ల ద్రోహం చేస్తున్నదేమోనన్న అనుమానంతోనో, ఆమె తప్పులను పట్టుకోవాలన్న ఉద్దేశంతోనో రాత్రివేళ అకస్మాత్తుగా ఇంటిమీదికి రావడాన్ని దైవప్రవక్త (స) నివారించారు. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించగా ముస్లింలో నమోదైంది. ఆనాడు ఒంటెనెక్కి ఒక రాత్రి మాత్రమే అలా రాగలిగేవారు. కెమెరాతో ప్రతి రాత్రీ, ప్రతి గంటా రావచ్చు, వచ్చిన సంగతి కూడా తెలియకుండా. తాళం సైతం సాక్షిలా పనిచేస్తుంది. ఎవరి వేలిముద్రతో ఏ నిమిషాన తలుపు తెరుచుకున్నదో చాలా స్మార్ట్ తాళాలు వరుసగా నమోదు చేసుకుంటాయి. దొంగతనం జరిగినప్పుడు ఆ పట్టిక ఎంతో ఉపయోగం. పదకొండు గంటలకు బయటికెళ్లి రెండింటికి వచ్చావు, మూడు గంటలు ఎక్కడున్నావు అని నిలదీయడానికి దానిని వాడితే మాత్రం అది హుజురాత్ సూరా 12వ ఆయతు వారించిన కూపీ తీయడమే. ఆ ఆయతు అనుమానాన్ని, కూపీని, పరోక్ష నిందను ఒకదాని వెంట ఒకటిగా పేర్కొనడం గమనార్హం. ఇళ్లలో కలహాలు పెరిగే క్రమం కూడా అదే.

భర్తల పక్షాన ఒక మాట చెప్పాలి. గల్ఫ్‌లో ఒంటరిగా గడిపే మనిషికి ఇంటి మీద బెంగ ఉంటుంది. పిల్లలు బడినుండి వచ్చారా, అమ్మ మందు వేసుకున్నదా అన్న ఆరాటాన్ని అనుమానంగా చిత్రించడం న్యాయం కాదు. బయటి బెల్ కెమెరా చూడటం, తలుపు రాత్రి మూసి ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడం, ఇంట్లో అందరికీ చెప్పి చేసినంతకాలం ఆక్షేపణీయం కాదు. లోపలి గదుల్లో కెమెరా వద్దు. అమ్మను చూడాలనిపిస్తే వీడియో కాల్ ఉంది, అందులో అవతలివారు ఎత్తితేనే ముఖం కనిపిస్తుంది.

దేశ చట్టం ఇక్కడ ఎంతవరకు తోడ్పడుతుంది? 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం, విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి వేసిన వ్యాజ్యంలో, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పింది. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. అయితే ఒక వ్యక్తి తన సొంత, గృహ అవసరాలకు వాడుకునే సమాచారాన్ని ఆ చట్టమే తన పరిధి నుండి మినహాయించింది. అనగా ఇంటి కెమెరాతో భర్త భార్యను గమనించే వ్యవహారాన్ని ఆ చట్టం పట్టించుకోదు. షరీఅత్ పట్టించుకుంటుంది.

బెల్ కెమెరా గురించి మరొక మాట. అపార్టుమెంట్లలో రెండు తలుపులు ఎదురెదురుగా ఉంటాయి. మీ బెల్ కన్ను ఎదుటివారి గుమ్మంలోకి, వారి తలుపు తెరిచినప్పుడల్లా వారి హాలులోకి చూస్తూ ఉండవచ్చు. దైవప్రవక్త (స) గృహంలోకి తలుపు రంధ్రం గుండా తొంగిచూసిన ఒక వ్యక్తిని ఆయన ఎంత తీవ్రంగా మందలించారో హజ్రత్ సహల్ బిన్ సఅద్ (రజి) ఉల్లేఖించారు. అనుమతి కోరే నియమం ఏర్పడిందే చూపు కారణంగానని ఆ సందర్భంలోనే స్పష్టం చేశారు. ఎదుటింటివారు ఏ మతస్తులైనా ఈ హక్కు వారిదే. బెల్‌ను కొంచెం పక్కకు వంచి బిగించాలి. చాలా యాప్‌లలో దృశ్యంలో కొంత భాగాన్ని నలుపుతో కప్పివేసే ఏర్పాటు ఉంటుంది, దానిని వాడాలి. ఇలా కప్పామని ఎదుటివారిని పిలిచి చూపించడం ఇంకా మంచిది.

ఇక టీవీ, స్పీకర్లు. ఈ పట్టణపు తూర్పు భాగానికి టీవీతో పాత బంధుత్వం ఉంది. మేడిపల్లికి దూరం కాని కుషాయిగూడ వైపు, 1967లో స్థాపితమైన ఈసీఐఎల్ సంస్థ తయారుచేసిన ఈసీ టీవీలు ఒకప్పుడు ఎన్నో ఇళ్ల ముందుగదుల్లో ఉండేవి. చెక్కపెట్టెలో కూర్చున్న ఆ టీవీని మనం చూసేవాళ్లం, అది మనల్ని చూసేది కాదు. నేటి టీవీ అలా కాదు. అమెరికాలో విజియో అనే సంస్థ తన టీవీలు ఎవరు ఏమి చూస్తున్నారో తెలియజెప్పకుండా సేకరించిందన్న అభియోగంపై 2017లో 22 లక్షల డాలర్లు చెల్లించి రాజీ కుదుర్చుకుంది. పిల్లల మాటల రికార్డులను చెరపకుండా దాచిందన్న అభియోగంపై అలెక్సా విషయంలో అమెజాన్ 2023లో రెండున్నర కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. అదే సంవత్సరం, సిబ్బంది వినియోగదారుల ఇళ్లలోని దృశ్యాలను చూశారన్న ఫిర్యాదుపై దాని బెల్ కెమెరాల సంస్థ రింగ్ 58 లక్షల డాలర్లకు అంగీకరించింది. ఇంటి సంభాషణలు ఇంటివారి అమానతు అని మనం పిల్లలకు చెబుతాం గదా, హాలులోని స్పీకరుకు ఆ మాట ఎవరు చెబుతారు? అమరికలలోకి వెళ్లి, టీవీలో మనం చూసేవాటిని గుర్తించే సదుపాయాన్ని, స్పీకరులో మాటలు దాచే సదుపాయాన్ని మనమే ఆపుకోవాలి. ఎత్తకుండానే నేరుగా కలిసే పిలుపు సౌకర్యం కొన్ని స్పీకర్లలో ఉంది. ఒకరు తమ ఫోనులో నొక్కగానే ఇంట్లోని మాటలు వారికి వినిపిస్తాయి. దానిని తప్పక మూసివేయాలి.

వీటిని తాళంతో కలపడంలో ఒక్క నియమం పాటిస్తే సగం ప్రమాదం తప్పుతుంది. తాళం వేయడానికి మాట చాలు, తీయడానికి మాట చాలరాదు. రాత్రి పడుకునే ముందు ఒక్క మాటతో తలుపు గడియపడి, టీవీ ఆగి, దీపాలు ఆరిపోయేలా ఏర్పరచుకోండి. రాత్రివేళ అల్లాహ్ పేరు స్మరించి తలుపులు మూయమనీ, దీపాలు ఆర్పమనీ హదీసులు చెప్పనే చెబుతున్నాయి, బిస్మిల్లాహ్ మాత్రం మీరే పలకాలి. కానీ తలుపు తెరవమని చెప్పే అధికారం స్పీకరుకు ఇవ్వవద్దు. చాలా వ్యవస్థలు అందుకు సంకేత సంఖ్యను పైకి చెప్పమంటాయి. పైకి చెప్పిన సంఖ్యను పనిమనిషి వింటుంది, పిల్లల స్నేహితులు వింటారు. పైగా స్పీకరుకు మనిషి గొంతుకూ టీవీ గొంతుకూ ఎల్లవేళలా తేడా తెలియదు. 2017 ఏప్రిల్‌లో బర్గర్ కింగ్ సంస్థ టీవీలో వేసిన ప్రకటన, చూస్తున్నవారి ఇళ్లలోని గూగుల్ స్పీకర్లను మేల్కొలిపి మాట్లాడించింది. 2019లో మిచిగన్ విశ్వవిద్యాలయ, జపాన్ పరిశోధకులు కిటికీ అద్దం గుండా లేజర్ కిరణాన్ని స్పీకరు మైకుపై ప్రసరింపజేసి ఆజ్ఞలు ఇవ్వవచ్చని నిరూపించారు. మేడిపల్లిలో లేజరు పట్టుకుని తిరిగే దొంగ ఉంటాడని మేము భయపెట్టడం లేదు. కిటికీ పక్కన స్పీకరు పెట్టకపోతే పోయేదేమీ లేదు.

టీవీని కలపడంలో మాకు నచ్చిన సదుపాయం ఒకటి ఉంది. 2013లో మొదలై నేడు ప్రపంచమంతా వాడుతున్న హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ఇస్లామీయ నమాజు వేళలను లెక్కించే ఏర్పాటు ఉంది. దానితో అజాన్ సమయానికి టీవీ తనంతట తానే ఆగిపోయేలా చేయవచ్చు. లెక్క పద్ధతుల్లో కరాచీ విశ్వవిద్యాలయ పద్ధతిని, అస్ర్ విషయంలో హనఫీ మార్గాన్ని ఎంచుకుంటే మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే వేళలకు సరిపోతుంది. ఎంచుకోకపోతే అస్ర్ ముందుగానే వచ్చినట్లు చూపుతుంది. ఏది ఎంచుకున్నా మీ మస్జిదు సమయపట్టికతో వారం రోజులు సరిపోల్చుకోండి. ఫజ్ర్‌కు మాత్రం స్పీకరులో బిగ్గరగా అజాన్ వేయవద్దు, పక్క ఫ్లాటులో పసిపిల్లలుంటారు. అదేవిధంగా, నూర్ సూరా 58వ ఆయతు పేర్కొన్న మూడు ఏకాంత వేళల్లో, అనగా ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్న విశ్రాంతివేళ, ఇషా తర్వాత, పడకగదిలోని పరికరాలు మౌనంగా ఉండేలా కాలనియమం పెట్టుకోవచ్చు. పిల్లలు యంత్రానికి విధించిన నియమాన్ని చూసి తమ నియమాన్ని నేర్చుకోవడం మేము ఊహించని లాభం కాదు.

మిగిలినవి కొనేటప్పటి సంగతులు. వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేసేందుకు మేటర్ అనే ఉమ్మడి ప్రమాణం 2022 అక్టోబరులో వెలువడింది, తాళాలు, టీవీలు రెండూ మొదటినుండే అందులో ఉన్నాయి. పెట్టెపై ఆ గుర్తు ఉన్నది తీసుకుంటే ఒక కంపెనీకే కట్టుబడిపోనవసరం లేదు. ఇంట్లోని యంత్రంతోనే పనిచేసే తాళం మంచిది, ప్రతి ఆజ్ఞకూ విదేశీ సర్వరును అడిగేది అంత మంచిది కాదు. 2025 అక్టోబరు 20న అమెజాన్ సర్వర్లలో అంతరాయం ఏర్పడినప్పుడు అలెక్సా, రింగ్ వంటివి ఎన్నో ఇళ్లలో మూగబోయాయి. తాళానికి సొంత బ్యాటరీలు ఉంటాయిగాని, కరెంటు పోతే రౌటరు ఆగిపోతుంది. దానికొక చిన్న ఇన్వర్టరు ఉండాలి. బ్యాటరీలు తగ్గినట్లు తాళం హెచ్చరించిన రోజే మార్చండి. పూర్తిగా అయిపోతే బయటినుండి తాత్కాలికంగా శక్తినిచ్చే రంధ్రం తాళం అడుగున ఉన్నదో లేదో కొనేముందే చూసుకోండి. లోపలి నుండి ఏ సంకేతమూ అవసరం లేకుండా చేతితో తిప్పితే తెరుచుకునేదే కొనాలి, అగ్నిప్రమాదంలో యాప్ వెదుక్కునే తీరిక ఉండదు.

అత్తగారి విషయం వేరు. జీవితమంతా అంట్లు తోమిన, బట్టలుతికిన వేళ్ల గీతలు అరిగిపోతాయి. రేషను దుకాణంలో వేలిముద్ర పడక తిరిగివచ్చిన పెద్దవారు మనకు తెలియనివారు కాదు. తాళం ముందూ అదే జరుగుతుంది. చాంద్ రాత్‌నాడు ఒత్తుగా మెహందీ పెట్టుకున్న కోడలికి కూడా జరగవచ్చు! ఆవిడకు కార్డు ఇవ్వండి. లేదా ఇనుప తాళంచెవి కూడా పట్టే తాళాన్నే కొని, ఆ చెవిని ఆవిడ నడుముననే ఉంచండి. పనిమనిషికి ఆమె వచ్చే గంటలకే పనిచేసే వేరే సంకేతం ఇచ్చి, అది వచ్చిపోయే వేళలను నమోదు చేస్తుందని ఆమెకు ముందే చెప్పండి. పని మానిన రోజున సంకేతం తీసివేయండి.

అద్దె ఇల్లయితే బిగించేముందు ఇంటి యజమానిని అడగాలి. ఖాళీ చేసి వెళ్లేటప్పుడు కానీ, ఇల్లు అమ్మేటప్పుడు కానీ మరచిపోయే పని ఒకటుంది. పాత వేలిముద్రలు, సంకేతాలు తాళంలో, చూసినవాటి జాబితాలు, ఖాతాలు టీవీలో అలాగే ఉండిపోతాయి. తాళాన్ని, దానితోపాటు ఇంట్లో వదిలివెళ్లే ప్రతి పరికరాన్ని తొలిస్థితికి మార్చి, యజమాని ఖాతాను కొత్తవారి ఫోనుకు బదలాయించి, మీ పాత సంకేతం ఇక పనిచేయడం లేదని వారి ఎదుటే ఒకసారి నొక్కి చూపించండి.